మన దస్త్రం ఎవరి బీరువాలో ఉంది?

జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో కామారెడ్డిగూడెం వస్తుంది. షేక్ బందగీ సమాధి అక్కడే ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడానికి కొన్నేళ్ల ముందే, 1940ల తొలినాళ్లలో, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన పేద ముస్లిం రైతు ఆయన. ఆయన ఆయుధం పట్టలేదు. తన భూమి తనదని నిరూపించుకోవడానికి న్యాయస్థానం మెట్లెక్కాడు. ఏళ్ల తరబడి దావా నడిపాడు, నెగ్గాడు. నెగ్గినందుకు దేశ్‌ముఖ్ మనుషుల చేతిలో హతుడయ్యాడు.

బందగీని మనం అమరుడిగా స్మరించుకుంటాం. కాని ఆయన పోరాటంలోని మరో పార్శ్వాన్ని అంతగా తలచుకోము. ఊరి లెక్కలు పట్వారీ మూటలో, ఊరి తీర్పులు దొర గడీలో బందీలై ఉన్న కాలమది. ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కిందో పట్వారీ చెప్పిందే వేదం. అటువంటి కాలంలో ఒక సామాన్యుడు కాగితాన్ని సంపాదించి, దాన్ని ప్రభుత్వం ముందు నిలబెట్టి, హక్కును గెలుచుకున్నాడు. కాగితం ఒక్కటే ఆయన ప్రాణాన్ని కాపాడలేకపోయింది, నిజమే. కాని కాగితం లేకుంటే ఆయన పోరాటం మొదలయ్యేదే కాదు.

గడీలు కూలాయి. పటేల్ పట్వారీ వ్యవస్థ 1980వ దశకంలో రద్దయింది. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చింది. అయినా ఈనాడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఒక సామాన్య ముస్లిం కుటుంబం తన భూమి కాగితాన్నో, తన ఊరి కబరస్తాన్ రికార్డునో చూడాలనుకుంటే, ముందుగా ఎదురయ్యే ప్రశ్న అదే పాత ప్రశ్న: మన దస్త్రం ఎవరి బీరువాలో ఉంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత పౌరునిది కాదనీ, ప్రభుత్వానిదేననీ చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

జిల్లాలు విడిపోయాయి, దస్త్రాలు ఏమయ్యాయి?

2016 అక్టోబరు 11న రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పూర్వపు వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఏర్పడ్డాయి. అయితే మూడింటి పుట్టుక ఒకే తీరుగా జరగలేదు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో కలిశాయి. మహదేవ్‌పూర్, కాటారం మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లికి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు మళ్లీ వేరుపడింది. 2021లో పాత జిల్లా కేంద్రమే హనుమకొండ, వరంగల్ పేర్లతో కొత్త రూపం దాల్చింది.

పాలన ప్రజల ముంగిటకు వచ్చిందని సంతోషించాం. కలెక్టరేటు దగ్గరయిన మాట వాస్తవమే. దస్త్రాలు కూడా అంతే దగ్గరయ్యాయా? మహదేవ్‌పూర్ మండలంలోని ఒక గ్రామంలో చిన్న మసీదు, దానిని ఆనుకుని కబరస్తాన్ ఉన్నాయనుకుందాం. కబరస్తాన్ అంచున ఎవరో కడీలు పాతారు. ఇది ఎవరి భూమి అని తేల్చడానికి ఊరి పెద్దలు పాత పహాణీ కావాలనుకున్నారు. భూపాలపల్లిలో అడిగితే ఆ ఏడాది రికార్డు కరీంనగర్‌లో ఉండవచ్చునంటారు. కరీంనగర్‌లో అడిగితే విభజన సమయంలో పంపించామంటారు. వక్ఫ్ వివరాలకు హైదరాబాద్ నాంపల్లికి వెళ్లమంటారు. మూడు ఊళ్లు తిరిగేందుకు అయ్యే ఛార్జీలు, పోగొట్టుకునే కూలి దినాలు లెక్కవేస్తే, ఆ కుటుంబాలకు కబరస్తాన్‌ను వదులుకోవడమే చవక అనిపిస్తుంది. కడీలు పాతినవాడు నమ్ముకునేది సరిగ్గా ఈ లెక్కనే.

దీనికి చట్టంలో విరుగుడు లేకపోలేదు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం, అడిగిన సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే దరఖాస్తును అయిదు రోజుల్లోగా అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారునికి తెలియజేయవలసిన విధి అధికారిదే. పౌరుణ్ణి తిప్పే అధికారం ఎవరికీ లేదు. సెక్షన్ 4(1)(ఎ) మరో అడుగు ముందుకు వేసి, ప్రతి కార్యాలయం తన రికార్డులన్నింటికీ జాబితా, సూచిక తయారుచేసి ఉంచాలంటుంది. ఏ ఊరి ఏ రికార్డు ఎక్కడికి వెళ్లిందో, ఎక్కడ మిగిలిందో చెప్పే జాబితాను గోడ మీద అతికించి ఉంటే మూడు ఊళ్ల తిరుగుడు తప్పేది.

గ్రామం నుంచి రికార్డు వెళ్లిపోయిన రోజు

జిల్లాల విభజన తరువాత మరో పెద్ద మార్పు జరిగింది. 2020 సెప్టెంబరు 7న రాష్ట్రమంతటా గ్రామ రెవెన్యూ అధికారుల దగ్గరున్న రికార్డులను ఒక్క రోజులో స్వాధీనం చేసుకున్నారు. ఆపై ఆ వ్యవస్థనే రద్దు చేశారు. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. వీఆర్వోల మీద ఉన్న అవినీతి ఆరోపణలను ఎవరూ కాదనరు. కాని ఆ రోజున ఊళ్లో కాగితం చూపించగలిగే చివరి మనిషి కూడా లేకుండా పోయాడు. పహాణీలో పట్టాదారు పేరు పక్కన, భూమిని వాస్తవంగా అనుభవిస్తున్నవారి పేరు రాసే కాలమ్ అంతకుముందే కనుమరుగైంది. కౌలుదారులకు, సాదాబైనామా మీద కొనుక్కున్నవారికి, తాతల నాటి నుంచి సాగులో ఉండి పట్టా లేనివారికి ఆ కాలమే ఆధారం. వారిలో పేద ముస్లింలూ ఉన్నారు, దళితులూ లంబాడీలూ ఉన్నారు.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. అప్పీలు వ్యవస్థ తిరిగి వచ్చింది. గ్రామ పాలన అధికారులు నియమితులయ్యారు. ఇవి స్వాగతించదగిన మార్పులే. కాని ప్రభుత్వాలు మారినప్పుడల్లా పోర్టల్ పేరు మారుతుంటే, పాత పోర్టల్‌లో ఏముండేదో, దాని కంటే ముందు కాగితం మీద ఏముండేదో పోల్చి చూసుకునే హక్కు పౌరునికి ఉండాలి. తప్పు ఎక్కడ దొర్లిందో తెలియకుండా దిద్దుబాటుకు దరఖాస్తు ఎలా రాయగలడు?

మన మాటలే, మనం చదవలేని అక్షరాలు

పహాణీ, ఖస్రా, సేత్వార్, నకలు, రసీదు, తహసీల్, జమాబందీ, ముంతఖబ్. తెలంగాణ రైతు రోజూ పలికే ఈ రెవెన్యూ మాటల్లో చాలావరకు అరబ్బీ, పారశీకాల నుంచి ఉర్దూ ద్వారా వచ్చినవే. నిజాం కాలపు రెవెన్యూ పాలన ఉర్దూలో సాగింది. కనుక నేటి భూవివాదాలకు మూలాధారమైన పాత సేత్వార్లు, అనేక ముంతఖబ్‌లు ఉర్దూ లిపిలోనే ఉన్నాయి. 1954-55 నాటి ఖస్రా పహాణీని న్యాయస్థానాలు ఈనాటికీ ముఖ్యమైన సాక్ష్యంగా పరిశీలిస్తున్నాయి. కాని వాటిని చదవగల సిబ్బంది కార్యాలయాల్లో తగ్గిపోయారు. మన పిల్లల్లోనూ ఆ లిపి చదవగలవారు తగ్గిపోయారని ఒప్పుకోవాలి.

చదవలేని రికార్డు బీరువాలో ఉన్నా లేనట్టే. దానికి ఎవరు ఏ అర్థం చెబితే అదే చెల్లుతుంది. ఈ నష్టం ముస్లింలకు మాత్రమే పరిమితం కాదు. పాలకుర్తిలోని ఒక యాదవ రైతు భూమి మూలపత్రం కూడా ఉర్దూలోనే ఉండవచ్చు. 2017 నవంబరులో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా ఆమోదించింది. సమాచార హక్కు దరఖాస్తును ఆ ప్రాంతపు అధికార భాషలో ఇవ్వవచ్చునని చట్టం చెబుతున్నది. కాబట్టి ఉర్దూలో రాసిన దరఖాస్తును తెలుగులో రాసుకురమ్మని తిప్పి పంపడం చెల్లదు. రాయడమే రానివారు నోటితో చెబితే దాన్ని రాసిపెట్టవలసిన బాధ్యత కూడా సెక్షన్ 6 ప్రకారం అధికారిదే.

వక్ఫ్: రుజువు అడిగేవారి దగ్గరే రుజువు

2017 నవంబరులో, భూరికార్డుల ప్రక్షాళన సాగుతున్న సమయంలో, నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు రికార్డు గదికి ప్రభుత్వం సీలు వేయించింది. రికార్డులు తారుమారు కాకుండా కాపాడటమే కారణమని చెప్పారు. ఆ గది ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. రికార్డును కాపాడదలచినవారు దానికి నకళ్లు తీయించి, ధ్రువీకరించి, పది మంది చూసేలా పెడతారు. తాళం వేసి మరచిపోవడం వల్ల లాభపడేది ఆక్రమణదారు మాత్రమే.

ఇప్పుడు పరిస్థితి మరింత తీవ్రమయింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం తరువాత, జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో దేశంలోని నమోదైన వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లోగా నింపాలని ముతవల్లీలను ఆదేశించారు. తరతరాల వాడుక ఆధారంగా వక్ఫ్‌గా గుర్తింపు పొందే సూత్రానికి ఇకముందు చోటులేదని చట్టం చెప్పింది. పాతవాటిలో నమోదైనవి నిలుస్తాయి గాని, వివాదంలో ఉన్నవాటికీ ప్రభుత్వ భూమిగా చెప్పబడేవాటికీ ఆ రక్షణ లేదు. ఈ చట్టంలోని కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ వివాదం న్యాయస్థానంలో తేలుతుంది. ఇక్కడ నేను లేవనెత్తేది అంతకంటే చిన్నదీ, అంతకంటే దగ్గరిదీ.

పల్లె మసీదు ముతవల్లీని సర్వే నంబరు అడుగుతున్నారు, విస్తీర్ణం అడుగుతున్నారు, గెజెట్ వివరం అడుగుతున్నారు. ఆ సర్వేను జరిపించింది ప్రభుత్వం. గెజెట్‌ను అచ్చువేసింది ప్రభుత్వం. వక్ఫ్ రిజిస్టరును నిర్వహించేది చట్టబద్ధమైన బోర్డు. రెవెన్యూ రికార్డుల్లో ఆ వివరాలు ఎక్కించవలసింది తహసీల్దారు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ కింద నిషేధిత జాబితాను ఉంచేది కూడా ప్రభుత్వమే. తన దగ్గరున్న కాగితాన్ని తానే అడుగుతూ, అది తెచ్చి చూపకపోతే హక్కు లేదనడం ఏ న్యాయం? రుజువు భారం పౌరుని మీద మోపదలచిన ప్రభుత్వం, ముందుగా రుజువు దొరికే దారి తెరవాలి.

ఈ మాట మసీదుకే పరిమితం కాదు. అసోంలో 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర పట్టికలో 19 లక్షలకు పైగా ప్రజల పేర్లు లేవు. బిహార్‌లో 2025లో ఓటరు జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు, 2003 నాటి జాబితాలో పేరు లేనివారు పత్రాలు వెతుక్కుంటూ పరుగులు తీశారు. జనన నమోదు, పాఠశాల రిజిస్టరు, పాత ఓటరు జాబితా, భూమి పత్రం, ఇవన్నీ ప్రభుత్వ కార్యాలయాల్లో పుట్టే కాగితాలే. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయితే నిద్ర పట్టని కాలం వచ్చినప్పుడు, ఆ కాగితాన్ని సకాలంలో చూసుకునే, సరిచేయించుకునే వీలు ఉండటం మైనారిటీలకు రక్షణ కవచం.

చట్టం ఉంది, తలుపు మూసి ఉంది

సమాచార హక్కు చట్టం పదునైనదే. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఏ స్థాయిలోనూ రుసుము లేదు. ఎందుకు అడుగుతున్నావని ప్రశ్నించకూడదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. జీవితానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. గడువు దాటితే సమాచారం ఉచితం. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25 వేల రూపాయల వరకు జరిమానా పడుతుంది.

కాని జరిమానా వేసేది రాష్ట్ర సమాచార కమిషన్. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు, రెండేళ్లకు పైగా, తెలంగాణ కమిషన్‌లో ఒక్క కమిషనర్ కూడా లేరు. తెలంగాణ, జార్ఖండ్, త్రిపురల్లో కమిషన్లు ఇలా ఖాళీగా ఉంటే చట్టం నిర్జీవమవుతుందని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు హెచ్చరించవలసి వచ్చింది. రెండవ అప్పీలు వినే నాథుడు లేడని తెలిసిన అధికారి మొదటి దరఖాస్తును ఎందుకు లక్ష్యపెడతాడు? అంతకుముందు 2021 అక్టోబరులో, సమాచారం ఇచ్చే ముందు పౌర సమాచార అధికారులు శాఖాధిపతుల అనుమతి తీసుకోవాలంటూ రాష్ట్ర ప్రభుత్వం మెమో జారీ చేస్తే, హైకోర్టు దానిని నిలిపివేసింది. అప్పటి ప్రభుత్వం ఒక పార్టీది, ఇప్పటి ప్రభుత్వం మరో పార్టీది. తాళంచెవి వదలకూడదన్న అలవాటు మాత్రం ఏ ఒక్క పార్టీకో చెందినది కాదు.

కేంద్రం చేసిన మార్పు మరింత లోతైనది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(జె)ను సవరించి, 2025 నవంబరులో అమలులోకి తెచ్చారు. పూర్వం వ్యక్తిగత సమాచారమైనా ప్రజా కార్యకలాపంతో సంబంధముంటే ఇవ్వవలసి వచ్చేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో నిరాకరించే వీలు కలిగింది. షాదీ ముబారక్ సొమ్ము ఎవరికి అందింది, ఉపకార వేతనాల జాబితాలో ఎవరున్నారు, వక్ఫ్ దుకాణాన్ని తక్కువ కిరాయికి ఎవరు పొందారు అని అడిగితే, ఈ సమాధానం ఇకపై తరచుగా వినిపించవచ్చు. అయితే రెండు దారులు ఇంకా మూసుకుపోలేదు. ప్రజాప్రయోజనం ఎక్కువైన చోట ఇవ్వవచ్చునని సెక్షన్ 8(2) చెబుతూనే ఉంది. రాయితీలు పొందినవారి వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి) చెబుతూనే ఉంది. మన దరఖాస్తుల్లో ఈ రెండింటినీ పేర్కొనడం అలవాటు చేసుకోవాలి.

అభ్యంతరాలు, మన వంతు

దరఖాస్తులతో అధికారులను బెదిరించి డబ్బు గుంజేవారు ఉన్నారని, సిబ్బంది చాలడం లేదని, ఆడపిల్లల వివరాలు బయటపెట్టడం తగదని అభ్యంతరాలు వినవస్తాయి. ఇవి తోసిపుచ్చదగినవి కావు. కాని బెదిరింపు సాధ్యమయ్యేది సమాచారం రహస్యంగా ఉన్నప్పుడే. గోడ మీద రాసి ఉన్నదాన్ని చూపి ఎవరు ఎవరిని బెదిరించగలరు? సిబ్బంది కొరతకు కూడా మందు ముందస్తు వెల్లడే, వంద మంది అడిగేదాన్ని ఒకసారి ప్రకటిస్తే వంద జవాబుల పని తగ్గుతుంది. ఇక గోప్యత విషయానికి వస్తే, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు, ఫొటో దాచవలసినవే. సెక్షన్ 10 అందుకే ఉంది. దాచవలసిన భాగాన్ని తీసివేసి మిగిలినది ఇవ్వమంటుంది.

మరొక మాట మనకు మనం చెప్పుకోవాలి. ప్రభుత్వ దస్త్రాలు తెరవమని అడిగే మనం, మన మసీదు కమిటీల, దర్గాల, ఈద్గాల లెక్కలు తెరిచి పెడుతున్నామా? వక్ఫ్ చట్టం ప్రకారం ముతవల్లీ ఏటా బోర్డుకు లెక్కలు సమర్పించాలి. అలా బోర్డుకు అందవలసిన లెక్కలను సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు. అడిగించుకోకముందే జుమా రోజున లెక్క చదివి వినిపించడం మర్యాద. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయతు, అప్పు లావాదేవీని సాక్షుల సమక్షంలో రాసిపెట్టుకోవాలని బోధించేదే. లెక్క రాయడాన్ని ధర్మంగా భావించిన సంప్రదాయానికి వారసులమైన మనం, లెక్క అడిగినవాణ్ణి శత్రువుగా చూడటం తగదు. కొన్ని చోట్ల వక్ఫ్ భూములు పరాధీనం కావడంలో మనవారి మౌనం, మనవారి సంతకం కూడా ఉన్నాయన్న చేదు నిజాన్ని దాచుకుని, ఇతరుల బీరువాలు తెరవమనలేము.

ఏం అడగాలి?

గ్రామంలో గోడ మీద లెక్క రాసి, సభలో చదివి వినిపించే పద్ధతి మనకు కొత్తది కాదు. ఉపాధి హామీ పనులపై 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నడిపిన సామాజిక తనిఖీ దేశానికే దారి చూపింది. రాజస్థాన్ పల్లెల్లో 1994లో మొదలైన జన సునవాయిలే సమాచార హక్కు ఉద్యమానికి ఊపిరిపోశాయి. ఆ రాష్ట్రమే 2019లో జన సూచనా పోర్టల్ పెట్టి, పథకాల వివరాలను ఎవరూ అడగకుండానే పంచాయతీ వారీగా చూపించింది. ఇతరులకు నేర్పిన మనం భూమి, వక్ఫ్ రికార్డుల విషయంలో ఆ పద్ధతిని ఎందుకు వాడకూడదు?

మూడు జిల్లాల కలెక్టర్లను మనం అడగవలసినవి ఇవి. విభజనలో ఏ మండలపు రికార్డులు వచ్చాయో, ఏవి పాత జిల్లాల్లో మిగిలాయో తెలిపే జాబితాను ప్రతి తహసీల్ కార్యాలయంలో ప్రదర్శించాలి. ప్రతి గ్రామంలోని వక్ఫ్ ఆస్తుల సర్వే నంబరు, విస్తీర్ణం, గెజెట్ వివరం, భూభారతిలో ఎలా నమోదైంది, నిషేధిత జాబితాలో ఉందా లేదా అన్నది తెలుగు, ఉర్దూల్లో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. పాత ఉర్దూ దస్త్రాలను అనువదించడానికి అర్హులైనవారిని నియమించి, మూలపత్రపు ప్రతిని అనువాదం పక్కనే ఉంచాలి. ప్రతి సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో రికార్డుల తనిఖీకి ఒక బల్ల ప్రత్యేకించాలి. సమాచార కమిషన్ ఈ జిల్లాలకే వచ్చి అప్పీళ్లు వినాలి, కమిషనర్ పదవి ఖాళీ కాకముందే భర్తీ జరగాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అవసరం లేదు.

ఈలోగా మనం చేయగలిగినది ఒకటుంది. ప్రతి మసీదు నుంచి ఇద్దరు చదువుకున్న యువకులు, వీలైతే ఇద్దరు యువతులు, తమ ఊరి కబరస్తాన్, ఈద్గా, అషుర్‌ఖానాలకు సంబంధించిన ఖస్రా పహాణీ నకలు కోసం ఈ నెలలోనే తహసీల్దారుకు దరఖాస్తు పెట్టాలి. రసీదు తీసుకుని, తేదీ రాసిపెట్టుకోవాలి. ముప్ఫై రోజులు దాటితే మరో ముప్ఫై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. పక్కింటి హిందూ రైతుకు తన పహాణీ కావలసి వస్తే అతని దరఖాస్తు కూడా వారే రాసిపెట్టాలి. దరఖాస్తుకు అయ్యే ఖర్చు 5 రూపాయలు. బందగీ ఆ కాగితం కోసం చెల్లించిన మూల్యంతో పోల్చితే, మనల్ని ఎవరూ ఎక్కువ అడగడం లేదు.